తొలి బీచ్ ట్రయథ్లాన్‌కు సిద్ధం కావడం: గోపాలపూర్ తీరంలో సాధన చేసేవారికి

ముందు ఈత, తరువాత సైకిల్, ఆఖరున పరుగు. మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగకుండా పూర్తి చేయాలి. దాన్నే ట్రయథ్లాన్ అంటారు. ఈత సముద్రంలో, పరుగు ఇసుక మీదో తీరం పక్క రోడ్డు మీదో పెడితే అది బీచ్ ట్రయథ్లాన్. మన గేట్ బజార్ నుంచి గోపాలపూర్ సముద్రం సుమారు 16 కిలోమీటర్లు. అంటే సాధనకు కావలసిన రోడ్డు, ఇసుక, నీరు మూడూ మనకి గంట సైకిల్ దూరంలోనే ఉన్నాయి. మీరు పేరు ఇచ్చేది విశాఖ వైపు పోటీకి కావచ్చు, చెన్నైలోనో గోవాలోనో జరిగే పోటీకి కావచ్చు. సాధన మాత్రం ఇక్కడే కదా. అందుకే ఈ వ్యాసాన్ని మన తీరాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

బరంపురానికి కసరత్తు కొత్త కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ మన ఊరివారే. వ్యాయామశాలకు వెళ్ళని కుర్రాడు లేని వీధులు ఒకప్పుడు మనకి ఉండేవి. సముద్రం సంగతి వేరు. తరాలుగా తీరానికి ఇంత దగ్గరలో ఉంటూ కూడా మన కుటుంబాల్లో ఎక్కువమంది సముద్రంలో మోకాలి లోతు దాటి ఎరగరు. పుణ్యస్నానానికి వెళ్ళినా ఒకరి చేయి ఒకరు పట్టుకుని మూడు మునకలు వేసి వచ్చేస్తాం. అందువల్ల మన వాళ్ళు ట్రయథ్లాన్ అనగానే ఖరీదైన సైకిల్ గురించి, బూట్ల గురించి ఆలోచిస్తారు. మా మాట ఒక్కటే: పది వంతుల శ్రమలో ఏడు వంతులు సముద్రానికి పెట్టండి. సైకిల్, పరుగు తడబడితే సమయం పోతుంది. ఈత తడబడితే పోయేది ప్రాణం.

ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు. అమెరికాలో 2006 నుంచి 2008 వరకు జరిగిన ట్రయథ్లాన్‌లను వైద్యులు పరిశీలిస్తే, తొమ్మిదిన్నర లక్షలకు పైగా పాల్గొన్నవారిలో 14 మంది చనిపోయారు. వారిలో 13 మంది ఈతలోనే పోయారు. మొత్తం మీద సంఖ్య చాలా చిన్నది. అపాయం ఎక్కడ ఉందో మాత్రం స్పష్టంగా చెబుతోంది.

దూరాలు ఎంత?

పేపర్లలో వచ్చే ఐరన్‌మ్యాన్ కథలు చదివి బెదిరిపోవద్దు. 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, ఆపైన పూర్తి మారథాన్ ఉండేది అది. 1978లో హవాయిలో తొలిసారి జరిగినప్పుడు బయలుదేరింది 15 మంది, ముగించింది 12 మంది. దానికంటే ముందే, 1974 సెప్టెంబర్ 25న అమెరికాలోని శాన్ డియాగోలో మిషన్ బే దగ్గర, ట్రయథ్లాన్ అనే పేరుతో జరిగిన తొలి పోటీ చాలా చిన్నది. అందులో ఈత 500 గజాలే, సైకిల్ 8 కి.మీ., పరుగు పదికి లోపు. సాయంత్రం పని అయ్యాక సరదాకి పెట్టుకున్న పందెం అది. కాబట్టి చిన్న దూరాలతో మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు. ఈ ఆట పుట్టిందే అలా.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరిన ట్రయథ్లాన్‌లో 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు ఉంటాయి. అందులో సగం దూరాన్ని స్ప్రింట్ అంటారు: 750 మీటర్లు, 20 కి.మీ., 5 కి.మీ. కొత్తవారికి పెట్టేది సాధారణంగా ఇంకా తక్కువ, 400 మీటర్ల ఈత, 10 కి.మీ. సైకిల్, 2.5 కి.మీ. పరుగు అటూ ఇటూగా. చాలాచోట్ల రిలే పద్ధతి కూడా ఉంటుంది. ఇంట్లో ఒకరు ఈదితే ఒకరు సైకిల్ తొక్కి, మరొకరు పరుగు తీయవచ్చు. ఈత రానివారికి తొలి ఏడాదికి మేము చెప్పేది ఈ దారే.

మన సముద్రం ఎలాంటిది?

గోపాలపూర్ ఒడ్డు ఏటవాలుగా దిగుతుంది. నాలుగు అడుగులు వేసేసరికి నడుము లోతు. కెరటం దూరంగా విరిగి మెల్లగా పాకి రావడం ఇక్కడ తక్కువ. ఒడ్డుకి దగ్గరగా లేచి, ఒక్కసారిగా కూలి పడుతుంది. కొత్తవారిని పడగొట్టేది లోతు కాదు, ఈ కూలే కెరటమే. కాళ్ళ కింద ఇసుకను వెనక్కి లాగేస్తుంది, లేచేలోపు రెండోది వచ్చి మీద పడుతుంది.

అంతకంటే పెద్ద అపాయం రిప్ కరెంట్. ఒడ్డుకి వచ్చిన నీరంతా తిరిగి పోవాలి కదా. అది ఒక సన్నని పాయగా చేరి, వేగంగా సముద్రంలోకి పోతుంది. బలమైన పాయ వేగం సెకనుకు రెండు మీటర్ల దాకా ఉండవచ్చు. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురు ఈది గెలవలేడు. చూడడానికి మోసంగా ఉంటుంది. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతూ ఉంటే, మధ్యలో ఒకచోట మాత్రం కెరటం విరగకుండా, నీరు కొంచెం ముదురు రంగులో నెమ్మదిగా కనబడుతుంది. నురగ, చెత్త ఒడ్డుకి రాకుండా లోపలికి పోతూ ఉంటుంది. ‘ఇక్కడ నెమ్మదిగా ఉంది, ఇక్కడ దిగుదాం’ అని మనవాళ్ళు పిల్లల్ని దింపేది సరిగ్గా అలాంటి చోటే. దిగే ముందు పది నిమిషాలు ఎత్తైన చోట నిలబడి నీటిని చూడడం అలవాటు చేసుకోండి.

అందులో చిక్కుకుంటే ఏం చేయాలి? ఒడ్డు వైపు ఈదవద్దు. వెల్లకిలా తేలి ఊపిరి కుదుటపరచుకోవాలి. పాయ మనల్ని కిందికి లాగదు, దూరానికి మాత్రమే తీసుకుపోతుంది. తరువాత ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, కెరటాలు విరుగుతున్న చోటికి చేరి, వాటితోపాటు ఒడ్డుకి రావాలి. పక్కకి ఈదే శక్తి లేకపోతే తేలుతూనే చేయి పైకెత్తి ఊపాలి. ఈ నాలుగు మాటలూ ఇంట్లో అందరికీ, ట్రయథ్లాన్‌తో సంబంధం లేనివారికి కూడా, కంఠతా రావాలని మా కోరిక.

నెలల సంగతి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలికి సముద్రం రేగి ఉంటుంది, కొత్తవారు ఆ ఊసే ఎత్తకూడదు. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే, ఆ రాత్రి మన ఇళ్ళలో ఎవరు మరిచిపోతారు? డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా కాస్త శాంతం. అప్పుడే సాధన. అయితే ఋషికుల్య ముఖద్వారం దగ్గర, పొడంపేట వైపు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ తీరాన్ని వాటికి వదిలేయాలి. సాధన గోపాలపూర్‌లో, అదీ లైఫ్‌గార్డులు, జనం ఉండే భాగంలోనే.

కెరటాల ఎత్తు ముందుగా తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ సూచనలు ఇస్తుంది. దూరసముద్రంలో పుట్టిన ఉప్పెన కెరటాల హెచ్చరికలు కూడా అందులోనే వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తూ, గాలి లేకపోయినా అలాంటి కెరటాలు వస్తాయి, అదే వాటితో చిక్కు. హెచ్చరిక ఉన్న రోజు సైకిల్ తొక్కుకుని ఇంటికి వచ్చేయండి.

నులియాల మాట వినండి

పరికరాల కంటే, యాప్‌ల కంటే మనకి దగ్గరగా ఉన్న సంపద ఇంకొకటి ఉంది. గోపాలపూర్, బక్సిపల్లి తీరాల్లో వేట చేసే నులియాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాడబలిజ, జాలారి కుటుంబాలు ఆంధ్ర తీరం నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడినవి. పూరీలో యాత్రికులను చేయి పట్టుకుని సముద్ర స్నానం చేయించే నులియాలూ ఈ జనమే. వాళ్ళతో మాట్లాడడానికి మనకి దుబాసీ అక్కర్లేదు. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న పెద్దాయన దగ్గర కూర్చుని, ‘తాతా, ఇవాళ నీరు ఎటు లాగుతోంది?’ అని అడిగితే చాలు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఒరవడి ఉత్తరానికా దక్షిణానికా, నిన్నటి గుంట ఇవాళ ఎక్కడికి జరిగిందీ చెబుతారు.

ఒరవడి సంగతి పోటీలోనూ పనికొస్తుంది. దక్షిణం నుంచి కెరటాలు వచ్చే కాలంలో మన తీరంలో నీరు ఒడ్డు వెంట ఉత్తరానికి సాగుతుంది, అంటే మీరు నేరుగా ఈదుతున్నాననుకుంటూనే పోర్టు వైపు జరిగిపోతారు. శీతకాలంలో ఇది మారుతూ ఉంటుంది. ఏ రోజుకి ఆ రోజు అడిగి తెలుసుకోవలసిందే.

ఒక మనవి. పూటంతా తోడు ఉండమని అడిగితే అది వాళ్ళ కూలి పూట. ముందే మాట్లాడుకుని డబ్బు ఇవ్వండి. పడవతో పక్కన ఉండమంటే పడవకి వేరే. మనవాళ్ళే కదా అని ఊరికే చేయించుకోవడం మర్యాద కాదు. ‘ఇవాళ వద్దు బాబూ’ అన్న రోజున మాత్రం డబ్బు ఆశ చూపి బలవంతం చేయకండి.

కొలనులో మొదలు, కడలిలో తరువాత

ఈత సముద్రంలో నేర్చుకునే విద్య కాదు. శిక్షకుడు ఉన్న కొలనులో నేర్చుకోవాలి. చెరువులో ఈదిన అలవాటు ఉన్నవారు కూడా ఊపిరి పద్ధతి సరిచేసుకోవాలి. మనలో చాలామంది తల పైకెత్తే ఈదుతారు, దానితో నడుము కిందికి దిగి రెండు వందల మీటర్లకే అలుపు వస్తుంది. మొహం నీటిలో పెట్టి ఊపిరి వదలడం, పక్కకి తిరిగి పీల్చడం, వెల్లకిలా తేలడం, ఈ మూడూ వచ్చాకే దూరం గురించి ఆలోచించాలి. పోటీలో 400 మీటర్లు ఉంటే, కొలనులో ఆగకుండా 800 మీటర్లు ఈదగలిగాక సముద్రంలోకి రండి. రెట్టింపు ఎందుకంటే, ఉప్పునీరు తేలడానికి సాయం చేసినా కెరటం ఊపిరి లయను చెడగొడుతుంది. ఫ్రీస్టయిలే ఈదాలన్న నియమం సాధారణంగా ఉండదు. అలిసినప్పుడు వెల్లకిలా ఈదవచ్చు. కాపలా పడవను పట్టుకుని విశ్రాంతి తీసుకోవడానికీ చాలా పోటీల్లో ఒప్పుకుంటారు, పట్టుకుని ముందుకు సాగకూడదు, అంతే.

వయసు దాటిపోయిందనుకునేవారికి ఒక మాట. 2021 మార్చిలో శ్రీలంక, భారత్ మధ్య పాక్ జలసంధిని ఈదిన తెలుగు మహిళ గోలి శ్యామల ఈత నేర్చుకున్నది నలభై దాటాకే. మన ఇళ్ళలో ఆడపిల్లలకు ఈత నేర్పించడానికి దుస్తుల సంకోచం అడ్డు వస్తోంది. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. పోటీలో అవి వేసుకోవచ్చా అని నిర్వాహకులను ముందుగా అడగండి. చుడీదార్‌తో, చున్నీతో మాత్రం సముద్రంలో ఈదవద్దు. నూలు బట్ట తడిసి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది.

సముద్రంలో మొదటి నాలుగు రోజులూ అసలు ఈదకండి. లోపలికి వెళ్ళి రావడమే నేర్చుకోండి. మోకాలి లోతు దాకా కాళ్ళు ఎత్తెత్తి నడవాలి. కెరటానికి ఎదురుగా ఛాతీ పెట్టకుండా పక్కకి తిరిగి నిలబడాలి. కూలబోయే కెరటం వచ్చినప్పుడు దాని మీంచి దూకాలని చూడకుండా, ఊపిరి పట్టి కిందికి మునిగి, వేళ్ళతో ఇసుక పట్టుకోవాలి. కెరటం వీపు మీంచి పోయాక లేవాలి. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూస్తూ, కెరటం ఎత్తినప్పుడు దానితో ఈదాలి. చేయి ఇసుకకు తగిలేదాకా నిలబడవద్దు. నడుము లోతులో నిలబడితే వెనకనుంచి వచ్చేది పడగొడుతుంది.

తరువాత, కెరటాలు విరిగే చోటు దాటి, ఒడ్డుకి సమాంతరంగా యాభై మీటర్లు, వంద మీటర్లు, అలా పెంచండి. కొలనులోలా అడుగున గీత ఉండదు కనుక ఎనిమిది పది బారలకొకసారి కళ్ళు పైకెత్తి గుర్తు చూసుకోవాలి. గోపాలపూర్ దీపస్తంభం మంచి గుర్తు. మెరిసే రంగు టోపీ, నడుముకి కట్టుకునే గాలి బోయా తప్పనిసరి. ఒంటరిగా ఎన్నడూ వద్దు. ఒడ్డున ఉండే మనిషి ఫోన్ చూసుకునేవాడు కాకూడదు. మన నీరు వెచ్చగానే ఉంటుంది కాబట్టి విదేశీ వీడియోల్లో కనిపించే రబ్బరు సూట్ల కోసం డబ్బు పోసుకోనక్కర్లేదు. జెల్లీ చేప కుడితే రుద్దవద్దు, మంచినీళ్ళు పోయవద్దు, సముద్రపు నీటితోనే కడిగి వైద్యుడి దగ్గరకు వెళ్ళండి.

సైకిల్, పరుగు

ఇక్కడ చెప్పవలసింది తక్కువ. గేర్లు లేని మామూలు సైకిల్‌తో 10 కి.మీ. పోటీ ముగించవచ్చు, బ్రేకులు, టైర్లు బాగుంటే చాలు. గేట్ బజార్ నుంచి భంజవిహార్ మీదుగా గోపాలపూర్ వెళ్ళి వస్తే 32 కి.మీ., తొలి పోటీకి అది ఎక్కువే. తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది, పోయేటప్పుడు సుఖం. ఎండ ఎక్కాక సముద్రపు గాలి మొదలై ఊరివైపు తోస్తుంది కనుక పొద్దున వెళ్ళి తొమ్మిదింటికి తిరిగి వచ్చేవారికి రెండు వైపులా కలిసొస్తుంది. జాతీయ రహదారి దాటే చోట దిగి నడిచి దాటండి. లారీల రద్దీ ఉన్న రోడ్డు అది. హెల్మెట్ లేకుండా సైకిల్ ఎక్కవద్దు. పోటీలో అయితే హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే సైకిల్‌ను స్టాండు నుంచి తీయాలి, లేకపోతే జరిమానా సమయం వేస్తారు.

ఇసుక మీద పరుగుకి పాటు సమయంలో తడిసి గట్టిపడిన చోటు చూసుకోండి. మొదటి వారం పది నిమిషాలు చాలు, పిక్కలు పట్టేస్తాయి. తీరం ఏటవాలు కనుక పోయిన దారిలోనే తిరిగి రండి, లేకపోతే ఒక కాలి మీదే భారం పడుతుంది. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తితే కాళ్ళు దుంగల్లా అనిపిస్తాయి. అందుకు వారానికి ఒకసారి సైకిల్ తొక్కి, వెంటనే ఒక కిలోమీటరు పరుగు తీయడం అలవాటు చేయాలి.

ఎన్ని వారాలు?

ఈత వచ్చినవారికి పన్నెండు వారాలు. రానివారికి ఇంకో మూడు నెలలు ముందు నుంచి. జనవరి ఆఖరులో పోటీ అనుకుంటే నవంబర్ మొదట్లో మొదలుపెట్టి, వారానికి ఈత మూడు రోజులు, సైకిల్ రెండు, పరుగు రెండు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. ఒకే రోజు రెండు పెట్టుకోక తప్పదు. మొదటి ఆరు వారాలు ఈత కొలనులోనే. డిసెంబర్ మధ్య నుంచి ఆదివారం పొద్దున సముద్రం. ఆఖరి వారం సగానికి తగ్గించాలి. కార్తీకం మధ్యలో వస్తుంది. ఉపవాసం ఉన్న రోజు నీళ్ళలోకి దిగవద్దు, పరుగూ వద్దు. సంక్రాంతి అరిసెల సంగతి మేము ఏమీ చెప్పలేం.

నలభై దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు మొదలుపెట్టక ముందే వైద్యుడికి చూపించుకుని, ఈసీజీ తీయించుకోవాలి. సాధనలో ఛాతీ బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా ఆ రోజుతో ఆపి మళ్ళీ చూపించుకోవాలి. ‘గ్యాసే’ అని సోడా తాగి ఊరుకునే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ.

తిండికి కొత్త పొడులు కొనక్కర్లేదు. పోటీ రోజు రెండున్నర గంటల ముందు ఇడ్లీ, ఒక అరటిపండు. పూరీ, వడ ఆ రోజుకి మానాలి. సాధన అయ్యాక చద్దన్నం, తరవాణి మన ఉక్కకు బాగా సరిపోయేవి. మంచినీళ్ళు మాత్రమే అదే పనిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది, ఉప్పు వేసిన నిమ్మరసమో కొబ్బరినీళ్ళో కలిపి తీసుకోండి. ఆ రోజున కొత్త తిండి, కొత్త బూట్లు, కొత్త కళ్ళద్దాలు వద్దు.

పోటీ పొద్దున ఒక గంట ముందే చేరి, నీరు ఎటు లాగుతోందో చూసుకుని, సైకిల్ పక్కన ఒక సీసా మంచినీళ్ళు, తువ్వాలు పెట్టుకోండి. పాదాలకు ఇసుక ఉండగా బూట్లు వేసుకుంటే పరుగులో పొక్కులు వస్తాయి. ఈత మొదలైనప్పుడు అందరి ముందు దూకకుండా, ఒక పక్కన, వెనక వరుసలో నిలబడి అర నిమిషం ఆగి వెళ్ళండి. తన్నులు తప్పుతాయి. నిర్వాహకులు కెరటాలు చూసి ఈత రద్దు చేసి పరుగు పెట్టినా, దూరం తగ్గించినా వాదించవద్దు. ఇంటికి వచ్చాక మీరు స్నానం చేసే ముందే సైకిల్‌ను మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గొలుసుకి నూనె వేయండి. గోపాలపూర్ ఉప్పుకి గొలుసు రెండు రోజుల్లో తుప్పు పడుతుంది.